నూనె చుక్కకు పాచి పట్టించడం ఎలా

మొదటే ఒక మాట. సీసాలో ఉప్పునీళ్లు పోసి, నాలుగు డీజిల్ చుక్కలు వేసి, వారం తర్వాత తీసి చూసేటప్పుడు అందరూ నీళ్ల వైపే చూస్తారు. మబ్బు పట్టిందా, రంగు తిరిగిందా, కంపు కొడుతోందా అని. మీరు నీళ్ల సంగతి కాసేపు పక్కన పెట్టండి. నూనె అంచు చూడండి. జరిగేదంతా అక్కడే జరుగుతుంది.

నేను కోనసీమలో ఒక ఆక్వా ల్యాబులో పనిచేస్తాను. రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించి, ప్లేట్ల మీద పెరిగిన బ్యాక్టీరియాలో పచ్చ కాలనీలు ఎన్ని, పసుపు కాలనీలు ఎన్ని అని లెక్కపెట్టి రైతుకు చెప్పడం నా రోజువారీ పని. వేసవిలో డిగ్రీ పిల్లలు ప్రాజెక్టు కోసం వస్తారు. వాళ్లతో నేను చేయించేది ఇదే: ఉప్పునీటిలో ఉండే నూనె తినే బ్యాక్టీరియాను పట్టి, అది నూనె మీద గూడు కట్టుకోవడాన్ని కంటితో చూడటం. పెద్ద పరికరాలు అక్కర్లేదు. నాలుగు గాజు సీసాలు, నాలుగైదు వారాల ఓపిక, చివర్లో ఒక మైక్రోస్కోపు చాలు. మైక్రోస్కోపు లేకపోతే దగ్గరలోని ఆక్వా ల్యాబులో అడగండి. రైతులు తాకిడిగా వచ్చే ఉదయం పూట కాకుండా మధ్యాహ్నం వెళ్తే కాదనరు.

పని మొదలుపెట్టేముందు

బయోఫిల్మ్ అనే మాట పుస్తకాల్లో ఉంటుంది. ఇంట్లో దాని పేరు పాచి. పొద్దున్నే పళ్ల మీద ఉండేది అదే, రేవు మెట్ల మీద కాలు జార్చేదాంట్లో కొంత భాగమూ అదే. బ్యాక్టీరియా ఒక ఉపరితలానికి అంటుకుని, తాము వదిలే జిగురులోనే తాము ఇమిడిపోయి, పొరలు పొరలుగా గుంపు కట్టడమే పాచి. పళ్ల పాచికి పన్ను ఇల్లు మాత్రమే, తిండి బయటినుంచి వస్తుంది. నూనె మీది పాచికి ఇల్లే తిండి. గోడలు కొరుక్కు తింటూ ఆ ఇంట్లోనే కాపురం చేయడమన్నమాట.

ఎందుకు అంటుకోవాలి? ఎందుకంటే నూనె నీళ్లలోకి రాదు. డీజిల్లో పెద్ద భాగం ఆల్కేన్లు, అంటే కార్బన్ గొలుసులు. 16 కార్బన్లున్న హెక్సాడెకేన్ లీటరు నీటిలో ఒక మైక్రోగ్రాము కూడా కరగదు. పంచదార తినే బ్యాక్టీరియా ఎక్కడ తేలుతున్నా పంచదార కరిగి దాని దగ్గరికే వస్తుంది. నూనె తినేదానికి ఆ భోగం లేదు. అదే నూనె దగ్గరకు వెళ్లాలి, అంటుకోవాలి, అంటుకున్నచోట నిలబడాలి. అంటుకున్నాక ఆల్కేన్ గొలుసు చివర ఒక ఆక్సిజన్ పరమాణువు తగిలించి దాన్ని ఆల్కహాలుగా, తర్వాత కొవ్వు ఆమ్లంగా మార్చుకుంటుంది. అక్కడినుంచి మన ఒంట్లో నెయ్యి అరిగే దారే. మొదటి కోతకే ఆక్సిజన్ కావాలన్న సంగతి గుర్తుంచుకోండి, సీసా మూత దగ్గర పనికొస్తుంది.

ఈ పనిలో పేరు మోసిన బ్యాక్టీరియా ఆల్కానివొరాక్స్ బోర్కుమెన్సిస్. ఉత్తర సముద్రంలోని బోర్కుం దీవి దగ్గర దొరికింది, 1998లో ఆ పేరు పెట్టారు. ఆల్కేన్లు దొరికితే ఇంకే తిండివైపూ పెద్దగా చూడదు. మెరినోబ్యాక్టర్ కూడా ఇదే వృత్తిలో ఉంది. గుండ్రటి వలయాలున్న నూనెలు సైక్లోక్లాస్టికస్ వంతు. మామూలు సముద్రపు నీటిలో ఇవి ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి, నూనె పడితే కొద్ది రోజుల్లోనే ముందువరసలోకి వస్తాయి. మీ సీసాలో పెరిగినది వీటిలో ఏదో చెప్పాలంటే డీఎన్ఏ పరీక్ష చేయించాలి. పరీక్ష లేకుండా రికార్డులో ‘ఆల్కానివొరాక్స్ దొరికింది’ అని రాసుకొస్తే నేను కొట్టేయిస్తాను. ‘నూనె తినే బ్యాక్టీరియా’ అని రాస్తే తప్పేమీ లేదు.

నీళ్లు ఎక్కడ పట్టాలి

నూనె అలవాటున్న నీళ్లు కావాలి. కాకినాడ చేపల రేవు, యానాం దగ్గర గౌతమి ఒడ్డు, భైరవపాలెం, అంతర్వేది దగ్గర వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు, ఇలా మోటారు బోట్లు ఆగే స్థలం ఏదైనా సరే. బోటు పక్కన నీటి మీద ఇంద్రధనుస్సు రంగుల్లో సాగుతూ ఒక తెట్టు కనిపిస్తుంది. ఇంజను కింద చేరిన నీళ్లు తోడిపోసినప్పుడు వచ్చేది అదే. ఆ తెట్టు పక్కనే సీసా వాల్చి, పై నీళ్లు కొంచెం, నూనె కొంచెం కలిసి వచ్చేలా పట్టండి. ఒక లీటరు చాలు. ఒడ్డున నూనె మరకపడిన బురద ఒక చిటికెడు వేసుకుంటే ఇంకా మంచిది. చిటికెడే. చారెడు వేస్తే సీసాలో బురద తప్ప మరేమీ కనపడదు.

కాలం కూడా చూసుకోవాలి. జులై నుంచి అక్టోబరు దాకా ధవళేశ్వరం మీదుగా వచ్చే వరద పాయలన్నింటినీ తీపి చేస్తుంది. మనకు కావలసిన బ్యాక్టీరియాకు ఉప్పు ఉండాలి. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా మంచి కాలం. అందులోనూ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం ఉంటుంది కాబట్టి బోట్లన్నీ రేవుల్లోనే ఉంటాయి, ఇంజన్లు విప్పి బాగుచేస్తుంటారు. తెట్టుకు కొదవ ఉండదు. నీళ్లు పోటు సమయంలో పట్టండి, సముద్రపు నీరు పైకి ఎక్కి ఉంటుంది. ఉప్పు ఎంతుందో రిఫ్రాక్టోమీటరుతో చూస్తే 20 పీపీటీ (వెయ్యికి 20 పాళ్లు) పైన ఉండాలి. చెరువులున్న ఏ రైతు ఇంట్లోనైనా ఆ పరికరం దొరుకుతుంది.

మూడు జాగ్రత్తలు. చేతికి గాయం ఉంటే ఆ నీళ్లలో చెయ్యి పెట్టకండి. గోరువెచ్చని ఉప్పునీటిలో విబ్రియో అనే బ్యాక్టీరియాలు ఉంటాయి, వాటిలో కొన్ని మనుషుల్ని కూడా పట్టుకుంటాయి. గ్లవ్స్ వేసుకోండి. కోరంగి అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా నమూనాల కోసం దూరకండి. మడ అడవి అంచున తిల్ల చెట్టు కొమ్మలు విరవకండి, ఆ పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు.

పట్టిన నీళ్లను ఆరోజే వాడేయాలి. ఎండలో బండి డిక్కీలో మూడు గంటలు ఉడికిన నీళ్లతో ఏ ప్రయోగమూ సాగదు.

ఏ నూనె వేయాలి

కోనసీమలో కొబ్బరినూనె చేతికందినంత తేలిగ్గా మరేదీ అందదు, అందుకే పిల్లలు మొదట అడిగేది అదే. వద్దు. కొబ్బరినూనె కొవ్వు, కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉండే హైడ్రోకార్బన్ కాదు. దాన్ని తినే బ్యాక్టీరియా ఎక్కడపడితే అక్కడ ఉంటుంది, దాంతో మీరు కనిపెట్టేది ఏమీ ఉండదు. పెట్రోలు వద్దు. ఆవిరైపోతుంది, మంట అంటుకుంటుంది, అందులోని చిన్న గొలుసులు బ్యాక్టీరియా పొరనే పాడుచేస్తాయి. వాడేసిన ఇంజను ఆయిల్ కూడా వద్దు, అందులో లోహాలు కలిసి ఉంటాయి.

అన్నిటికన్నా శుభ్రమైనది హెక్సాడెకేన్. రసాయనాల దుకాణంలో చిన్న సీసా తెప్పించుకోవచ్చు. అయితే అది 18 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఏసీ గదిలో పెట్టి ‘సార్, నూనె చెడిపోయింది’ అని ఫోను చేయకండి. అది దొరక్కపోతే డీజిల్. దానితోపాటు ఒక తెల్ల కొవ్వొత్తి, రంగు, వాసన లేనిది. కొవ్వొత్తి మైనం కూడా హైడ్రోకార్బనే. 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలు మండినప్పుడు గాలిలో కాలిపోయిన సహజవాయువు, ఈ కొవ్వొత్తి, మీ బండిలోని డీజిల్ అన్నీ ఒకే కుటుంబం. గొలుసు పొడవులో తేడా, అంతే. గొలుసు పొడవైతే గట్టిపడుతుంది, గట్టిపడితే మైక్రోస్కోపు కింద పెట్టి చూడటానికి వీలవుతుంది. మైనం మనకు అందుకే.

ఎరువు

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నూనెలో కార్బన్, హైడ్రోజన్ తప్ప దాదాపు ఏమీ లేవు. బియ్యం ఉంది గాని పప్పు లేదు. బ్యాక్టీరియా ఒళ్లు పెరగాలంటే నత్రజని, భాస్వరం నీటినుంచే రావాలి, సముద్రపు నీటిలో అవి త్వరగా నిండుకుంటాయి. 1989లో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ నుంచి నూనె ఒలికినప్పుడు తీరంలోని రాళ్ల మీద ఎరువు చల్లింది ఇందుకే.

మన దగ్గర యూరియా, డీఏపీ ఉన్నాయి. లీటరు నీటికి ఒక్కొక్కటి 0.1 గ్రాము చాలు. కిరాణా కాటాలో అంత తక్కువ తూగదు కాబట్టి ఇలా చేయండి: 1 గ్రాము యూరియా 100 మి.లీ. నీటిలో కరిగించండి, 1 గ్రాము డీఏపీ వేరే 100 మి.లీ.లో కరిగించండి. డీఏపీ గింజల్లో మట్టి ఉంటుంది, రాత్రంతా ఉంచి పైతేట వంపుకోండి. ఒక్కోదాన్నుంచి 10 మి.లీ. తీసి లీటరు ఉప్పునీటిలో కలిపితే సరిపోతుంది. లెక్క కావాలన్నవాళ్లకు: యూరియాలో 46 శాతం, డీఏపీలో 18 శాతం నత్రజని, రెండూ కలిపి లీటరుకు 64 మిల్లీగ్రాములు. మనం వేయబోయే నూనెలోని కార్బన్‌లో సగం బ్యాక్టీరియా ఒళ్లుగా మారుతుందనుకుంటే దాదాపు అంతే నత్రజని అవసరమవుతుంది. కాలేజీ ల్యాబులో బుష్నెల్ హాస్ మీడియం (బ్యాక్టీరియా పెంచడానికి వాడే లవణాల పొడి) ఉంటే దానికి 3 శాతం ఉప్పు కలిపి వాడుకోండి, ఈ తంటా ఉండదు.

నాలుగు సీసాలు

అర లీటరు పట్టే గాజు సీసాలు తీసుకోండి. ఒక్కోదాంట్లో 100 మి.లీ. నీళ్లే పోయాలి. మిగతాది గాలి.

మొదటిది అసలు సీసా: రేవు నీళ్లు, ఎరువు, నాలుగు చుక్కల నూనె. రెండోదానిలో అవే నీళ్లు, అదే ఎరువు, కానీ ముందుగా కుక్కరులో పెట్టి, మొదటి కూత వచ్చాక సన్నమంట మీద 20 నిమిషాలు ఉంచి, పూర్తిగా చల్లారాక నూనె వేయాలి. నూనె వేసిన సీసాను కుక్కరులో పెట్టకూడదు. ఈ మాట రెండుసార్లు చదవండి. మూడోదానికి ఎరువు ఉండదు, నూనె ఉంటుంది. నాలుగోదానికి ఎరువు ఉంటుంది, నూనె ఉండదు.

రెండో సీసా లేకుండా ఈ పని చేయడం దండగ. డీజిల్ కొంత ఆవిరైపోతుంది, కొంత గాజుకు అంటుకుంటుంది, కొంత వాతావరణాన్నిబట్టి చిక్కబడుతుంది. అవన్నీ చచ్చిన నీళ్లలో కూడా జరుగుతాయి. మొదటి సీసాలో జరిగి రెండోదానిలో జరగనిది ఏదో అదే బ్యాక్టీరియా చేసిన పని.

మూత సంగతి. నేను మొదటిసారి చేసినప్పుడు దుమ్ము పడకూడదని మూతలు బిగించేశాను, పైగా బురద దండిగా వేశాను. పదో రోజుకు సీసా అడుగు నల్లబడింది. మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్ల కంపు, ల్యాబు అంతా. ఆక్సిజన్ అయిపోయి, సల్ఫేటు మీద బతికే బ్యాక్టీరియా రాజ్యం ఏలింది. నూనె మాత్రం వేసినట్టే ఉంది. తర్వాత లెక్క కట్టుకున్నాను: ఒక గ్రాము హెక్సాడెకేన్ పూర్తిగా హరించుకుపోవడానికి దాదాపు మూడున్నర గ్రాముల ఆక్సిజన్ కావాలి. నాలుగు చుక్కలకే లీటరు గాలిలోని ఆక్సిజన్ పడుతుంది. సీసాలో ఉన్నది 400 మి.లీ. గాలి. కాబట్టి మూత బదులు దూది బిరడా పెట్టండి, లేదా మూతను వదులుగా పెట్టి వదిలేయండి. మడ అడవి బురదలోకి దిగిపోయిన నూనె ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి కారణం కూడా ఇదే, లోపల గాలి లేదు.

మైనం పలక

మైక్రోస్కోపు గాజు పలకలు నాలుగు తీసుకోండి. కొవ్వొత్తిని ముక్కలు చేసి స్టీలు గ్లాసులో వేసి, ఆ గ్లాసును వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి కరిగించండి. నేరుగా మంట మీద పెట్టవద్దు. మూడు పలకలను నిలువునా సగం వెడల్పు దాకా మైనంలో ముంచి తీసి, కారేది కారనివ్వండి. పొర పలచగా, అవతల వెలుతురు కనిపించేలా ఉండాలి. ఇప్పుడు ఒకే పలక మీద ఒక పక్క మైనం, ఒక పక్క ఉత్త గాజు. బ్యాక్టీరియా గాజుకూ కొంత అంటుకుంటుంది, అంటుకోవడం దాని స్వభావం. కానీ మైనం వైపు, గాజు వైపు ఎంత తేడా ఉందన్నదే మీరు చూడవలసింది. మొదటి మూడు సీసాల్లో ఒక్కొక్కటి, నాలుగోదానిలో మైనం లేని పలక నిలబెట్టండి. కింది సగం నీళ్లలో, పై సగం గాలిలో.

సీసాలను ఎండ తగలని బల్ల మీద ఉంచండి. మన గది వేడి దీనికి చక్కగా సరిపోతుంది, ఇంక్యుబేటరు అక్కర్లేదు. మే నెలలో రేకుల షెడ్డు అయితే మాత్రం కష్టం. రోజుకు రెండుసార్లు సీసాను మెల్లగా గుండ్రంగా తిప్పండి, మజ్జిగ చిలికినట్టు కాదు. గట్టిగా ఊపితే అప్పుడే పట్టుకుంటున్న పాచి ఊడిపోతుంది.

రోజులు గడిచేకొద్దీ

మొదటి రోజు నూనె నీటి మీద గుండ్రటి కటకంలా తేలుతుంది. అంచు అద్దంలా మెరుస్తుంది. సీసా తిప్పితే ముక్కలై, ఆపగానే చటుక్కున కలిసిపోతుంది. ఆ చటుక్కున కలవడాన్ని బాగా గమనించి పెట్టుకోండి.

రెండు మూడు రోజులకు నీళ్లు కొంచెం మసకబారతాయి. నూనెలో మెరుపు తగ్గుతుంది. తిప్పి ఆపితే ముక్కలు దగ్గరకు వస్తాయి గాని వెంటనే కలవవు, ఒకదానికొకటి ఆనుకుని కాసేపు తటపటాయిస్తాయి. మధ్యలో ఏదో అడ్డు ఉంది. ఆ అడ్డే మీరు వెతుకుతున్నది. బ్యాక్టీరియా అప్పటికే చుక్కల చుట్టూ చేరింది, వాటిలో కొన్ని సబ్బులాంటి పదార్థం కూడా వదులుతాయి, దాంతో నూనె చిన్న చిన్న చుక్కలుగా విడిపోతుంది. నూరు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుక్క ఒకటి పది మైక్రాన్ల చుక్కలుగా విడిపోతే వెయ్యి అవుతాయి, మొత్తం ఉపరితలం పదింతలవుతుంది. అంచు మీద మాత్రమే తినగలిగేవాళ్లకు పది రెట్లు పెద్ద విస్తరి వేసినట్టు.

నాలుగైదు రోజుల తర్వాత అగరుబత్తి పుల్ల ఒకటి తీసుకుని, మందు లేని చివరతో నూనెను తాకండి. రెండో సీసాలో నూనె పుల్లకు అంటుకుని వెంటనే పైకి పాకుతుంది. మొదటి సీసాలో పుల్లతో లాగితే పాల మీది మీగడలా ముడతలు పడుతూ వస్తుంది. వదిలితే ముడత వెంటనే సర్దుకోదు. ద్రవం మీద ముడత నిలబడిందంటే పైన చర్మం ఏర్పడిందని అర్థం. నేను దీన్ని ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, ఇప్పటికీ మొదటి సీసా తెచ్చినప్పుడు పుల్ల కోసం నేనే ముందు చెయ్యి చాపుతాను.

వారం దాటాక ఆ మీగడ కింద లేతగోధుమ రంగు నలుసులు వేలాడతాయి, కొన్ని తెగి అడుగుకు పోతాయి. సముద్రంలో కూడా ఇలా పడుతుంది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో నూనెబావి పేలినప్పుడు నీటిలో మంచులా రాలిన ఈ నూనె నలుసులను శాస్త్రవేత్తలు చూశారు. మూడో సీసాలో, అంటే ఎరువు లేనిదానిలో, ఇదంతా చాలా నెమ్మదిగా జరుగుతుంది. అసలు జరగకపోవచ్చు కూడా.

మొదటి సీసా బాగా పట్టిందనిపించాక అందులోంచి 5 మి.లీ. తీసి, కాచి చల్లార్చిన కొత్త ఉప్పునీళ్లు, ఎరువు, నూనె ఉన్న సీసాలో వేయండి. వారానికోసారి ఇలా మూడుసార్లు మారిస్తే బురద మీద, పాత తిండి మీద బతికినవన్నీ పలచబడిపోయి నూనె వాళ్లే మిగులుతారు. మైక్రోస్కోపుకు ఈ మూడో తరం సీసానే వాడండి.

మైక్రోస్కోపు కింద

ఇక్కడ అందరూ చేసే తప్పు చుక్కను నలిపేయడం. పలక మీద నూనె నీళ్లు వేసి పైన కవర్ స్లిప్ (పలచటి గాజు బిళ్ల) ఆనించగానే చుక్క పగిలి, పాచి చిరిగిపోతుంది. రెండు కవర్ స్లిప్పులను ఎడంగా పెట్టి, వాటి మీద మూడోదాన్ని వంతెనలా వేయండి. మధ్య ఖాళీలోకి నీళ్లు వదలండి. డ్రాపరు మూతి సన్నగా ఉంటే కొంచెం కత్తిరించి వెడల్పు చేసుకోండి.

ముందు 10 రెట్ల కటకంతో గుండ్రటి చుక్కలు వెతికి, తర్వాత 40 రెట్లకు మార్చండి. వెలుతురు తగ్గించండి. చుక్క మధ్యలో కాకుండా అంచు మీద ఫోకస్ నిలపండి. రెండో సీసా నీళ్లలో చుక్క అంచు గీత గీసినట్టు నున్నగా ఉంటుంది. మీ సీసాలో అంచు గరుగ్గా, నూనూగు మీసం వచ్చినట్టు కనిపిస్తుంది. ఫోకస్ అటూ ఇటూ కదిపితే ఆ గరుకు రెండు మూడు మైక్రాన్ల పొడవున్న కడ్డీలుగా విడివడుతుంది, బెల్లం ముక్కను చుట్టుముట్టిన చీమల్లా. నీళ్లలో తేలేవి వణుకుతూ, ఈదుతూ ఉంటాయి. అంచు మీదివి కదలవు. ఓపిగ్గా చూస్తే తేలేవాటిలో ఒకటి వచ్చి అంచుకు తగిలి, మళ్లీ వెళ్లిపోవడం కనిపిస్తుంది. మొదటి అంటు అలాంటిదే, వదిలించుకోగలిగేది. జిగురు పట్టాక ఇక కదలదు.

అదృష్టం ఉంటే ఇంకొకటి కనిపించవచ్చు. ఆల్కానివొరాక్స్ బోర్కుమెన్సిస్ పాచిని జపాన్, ఫ్రాన్స్ పరిశోధకులు సన్నని గొట్టాల్లో నూనె చుక్కలను నిలిపి దగ్గరగా గమనించి, 2023లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. నూనెకు కొత్తగా వచ్చిన బ్యాక్టీరియా చుక్క చుట్టూ బంతిలా మందపాటి పాచి కట్టింది. నూనె మీద ఎక్కువ రోజులు పెరిగి అలవాటుపడినది మాత్రం పలచటి పాచి కట్టింది. పలచటిదే గట్టి పనిమంతురాలు. కణాలు పెరిగేకొద్దీ అంచు మీద చోటు చాలక, చుక్క ఉపరితలాన్నే వంచి, చెట్టు వేళ్లలా గొట్టాలుగా బయటికి సాగదీసింది. గుండ్రంగా ఉన్న చుక్క కొమ్మలు కొమ్మలుగా మారింది. ఉపరితలం పెరిగింది, ఎక్కువ కణాలకు చోటు దొరికింది, నూనె త్వరగా తరిగిపోయింది. మూడుసార్లు మార్చిన సీసానే వాడమన్నది ఇందుకే: నూనె మీద ఎన్ని తరాలు గడిస్తే ఇలాంటివి కనపడే అవకాశం అంత పెరుగుతుంది.

మెరినోబ్యాక్టర్ పద్ధతి వేరు. అది తిన్న నూనెలో కొంత మైనంగా మార్చి ఒంట్లోనే దాచుకుంటుంది. పాచి నుంచి విడిపోయి కొత్త నూనె చుక్క వెతుక్కుంటూ వెళ్లేటప్పుడు ఆ మైనమే దారిబత్తెం.

రంగు వేయడం

పదో రోజున మైనం పలకలను తీయండి. కాచి చల్లార్చిన ఉప్పునీళ్లు పళ్లెంలో పోసి, పలకను అందులో మెల్లగా ముంచి తీయండి. కుళాయి కింద పెట్టకండి. ఒక ఏడాది ఇద్దరు పిల్లలు రెండు వారాల శ్రమను కుళాయి కింద పెట్టి రెండు సెకన్లలో కడిగేసుకున్నారు, నేను పక్క గదిలో ఉన్నాను.

మందుల దుకాణంలో జెన్షన్ వయొలెట్ దొరుకుతుంది. 1 శాతం మందును పదింతలు పలచన చేసి పలక మీద పోసి, 10 నిమిషాలు ఉంచి, మామూలు నీళ్ల పళ్లేల్లో మూడుసార్లు ముంచి ఆరబెట్టండి. గ్లవ్స్ లేకపోతే మీ వేళ్లు మూడు రోజులు ఊదారంగులో ఉంటాయి. ఆరాక తెల్లకాగితం మీద నాలుగు పలకలూ వరసగా పెట్టండి. రెండో సీసా పలక మీద మైనం కూడా కొంచెం రంగు పీలుస్తుంది, దాన్ని సున్నాగా తీసుకోండి. మొదటి పలకలో గాలి, నీరు, మైనం మూడూ కలిసే గీత దగ్గర ఊదారంగు బాగా చిక్కగా ఉంటుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. అంకెలు కావాలంటే ఆ రంగును సర్జికల్ స్పిరిట్‌తో కరిగించి, కాలేజీ కలరీమీటరులో 580 నానోమీటర్ల దగ్గర చదవండి.

ఎత్తేయడం

సీసాల్లో మిగిలిన నూనెను కాలువలో పారబోయకండి. పైన కొబ్బరి పొట్టు చల్లితే నూనెను బాగా పీల్చుకుంటుంది. పొట్టును వేరే డబ్బాలో ఎత్తి, ఇంజను ఆయిల్ సేకరించే మెకానిక్ షెడ్డులో ఇవ్వండి. మిగిలిన నీళ్లకు ఆరుబయట బ్లీచింగ్ పౌడరు కొద్దిగా కలిపి, గంట ఆగి పారబోయండి. అదే బకెట్టులో వెనిగర్ గాని యాసిడ్ గాని పోయవద్దు.

ఇది చేశాక ప్రతివాళ్లూ ఒక ప్రశ్న అడుగుతారు: రేవులో తెట్టు కనపడినచోట డీఏపీ చల్లితే పోదా అని. చల్లకండి. సీసాలో మనం నీళ్లు కొలిచి పోశాం. పాయల్లోకి చెరువుల నీళ్లు ఇప్పటికే చేరుతున్నాయి, ఇంకా ఎరువు పడితే నూనె కన్నా ముందు నాచు లేస్తుంది. బట్టల సబ్బు పొడి చల్లడం ఇంకా చెడ్డ ఆలోచన. తెట్టు కంటికి కనపడకుండా పోతుంది, అంతే, నూనె నీళ్లలోనే ఉంటుంది, పైగా చేపపిల్లలకు సబ్బు విషం.

ఒక సీసా మాత్రం దాచుకోండి. మూడో తరం సీసాలోంచి 5 మి.లీ. చిన్న బుడ్డిలో పోసి, ఒక చుక్క హెక్సాడెకేన్ వేసి, పేరు, తేదీ, రేవు పేరు రాసి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. పెరుగుకు తోడులాంటిది అది. నెలకోసారి తీసి కొత్త నీళ్లలోకి మార్చాలి. మా ల్యాబు ఫ్రిజ్‌లో ‘భైరవపాలెం’ అని రాసిన బుడ్డి ఒకటి ఉంది. ఫ్రిజ్‌లో హెక్సాడెకేన్ తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, బల్ల మీద పెట్టిన పావుగంటకు కరుగుతుంది. కరిగినా గుండ్రటి చుక్క అవదు, ముడతలు ముడతలుగానే తేలుతుంది.